బోధన ఒక ఎత్తు, కొలత ఒక ఎత్తు: ఇంగ్లండు బడుల్లో సాగుతున్న చర్చ

బ్రిటన్ చదువుల గురించి మాట్లాడేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది, ఆ దేశంలో ఒకే విద్యావిధానం లేదన్న సంగతి. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు ఒకే రాజ్యంలో భాగాలే అయినా పాఠశాల విద్య విషయంలో ఎవరి దారి వారిదే. పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, తనిఖీలు నాలుగు చోట్లా నాలుగు రకాలుగా ఉంటాయి. వీటిలో జనాభా రీత్యా అన్నిటికన్నా పెద్దదైన ఇంగ్లండులో పిల్లలకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, నేర్చుకున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి అన్న మూడు ప్రశ్నల మీద పదిహేనేళ్లుగా తీవ్రమైన వాదం నడుస్తోంది. 2024 జులైలో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం, పాఠ్యప్రణాళికనూ పరీక్షలనూ సమీక్షించే బాధ్యతను విద్యావేత్త బెకీ ఫ్రాన్సిస్‌కు అప్పగించింది. ఆ సమీక్ష తుది నివేదిక 2025 నవంబరులో వెలువడింది. సరిగ్గా అదే నెలలో పాఠశాలల తనిఖీ పద్ధతి కూడా మారడంతో చర్చ మళ్లీ వేడెక్కింది.

ఈ చర్చను దూరం నుంచి చూసేవారికి అది పాతకాలపు చదువుకూ కొత్తకాలపు చదువుకూ మధ్య పోరులా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అందులో రెండు వేరువేరు ప్రశ్నలు పెనవేసుకుపోయి ఉన్నాయి. తరగతి గదిలో ఏ బోధన ఫలిస్తుందన్నది మొదటిది. ఆ బోధన జరుగుతోందో లేదో ప్రభుత్వం ఏ సాధనంతో కనిపెడుతుంది, ఆ సాధనం బడిని ఏం చేస్తుంది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు ఇంగ్లండు కొన్ని మంచి జవాబులే రాబట్టింది. రెండో ప్రశ్న దగ్గర మాత్రం అది పదేపదే తడబడుతూ వచ్చింది.

పాత తగవు

వాదించేవారిని స్థూలంగా రెండు వర్గాలుగా చెప్పడం అక్కడ పరిపాటి. తెలిసినవారు తెలియనివారికి విడమరచి చెప్పడమే బోధన అనీ, విషయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చెప్పించి, రాయించి, మళ్లీ మళ్లీ అడిగి గట్టిపరచాలనీ సంప్రదాయవాదులు అంటారు. పిల్లల కుతూహలమే చదువుకు ఇంధనమనీ, చేసి చూసి కనుక్కున్నదే మనసులో నిలుస్తుందనీ, ఉపాధ్యాయులు తోడుగా ఉండాలే తప్ప పెత్తనం చేయకూడదనీ ప్రగతిశీలవాదులు అంటారు.

ఈ తగవు తొలి ఘట్టాల్లో ఒకదానికి మద్రాసుతో సంబంధం ఉంది. 18వ శతాబ్దం చివర ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన స్కాట్లండు మతాచార్యుడు ఆండ్రూ బెల్, అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు పాఠం చెప్పించే ఏర్పాటును దానికి జోడించి, తన అనుభవాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చువేయించాడు. ఒక్క ఉపాధ్యాయుడితో వందల మందికి చదువు చెప్పగల చవకైన మార్గంగా ఈ 'మద్రాసు పద్ధతి' 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బ్రిటన్ అంతటా పాకింది. బోధన పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఖర్చూ పర్యవేక్షణా పాలకులకు ఎంత ముఖ్యమో ఆనాడే తేలిపోయింది.

20వ శతాబ్దంలో పాలకుల మొగ్గు అటూ ఇటూ మారుతూ వచ్చింది. ప్రాథమిక విద్యకు శిశువే కేంద్రం కావాలని చెప్పిన ప్లౌడెన్ నివేదిక 1967లో వచ్చింది. బడుల్లో ఏం జరుగుతోందో అడిగే హక్కు సమాజానికి ఉందన్న ధోరణిలో ప్రధాని జేమ్స్ కాలహన్ 1976లో ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కళాశాలలో ప్రసంగించి పెద్ద చర్చకు తెరతీశాడు. 1988 విద్యా సంస్కరణల చట్టం ఇంగ్లండు, వేల్స్ అంతటికీ ఒకే పాఠ్యప్రణాళికను, నిర్ణీత వయసుల్లో జాతీయ పరీక్షలను తెచ్చింది. పాఠశాలలను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ 1992లో ఏర్పడింది. ఒక తరం తిరిగేసరికి, ఎవరి తరగతి గదికి వారే యజమానులుగా ఉన్న ఉపాధ్యాయులు, అంకెలతో జవాబు చెప్పుకోవలసిన ఉద్యోగులయ్యారు.

చదవడం నేర్పడం: ఒక పద్ధతి, ఒక పరీక్ష

బోధన, కొలత అన్న ఆ రెండు ప్రశ్నలూ ఎలా ముడిపడతాయో చిన్నపిల్లలకు చదవడం నేర్పే తీరులో అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. గుణింతం వచ్చిన పిల్లలు తెలుగులో కొత్త మాట ఎదురైనా కూడబలుక్కుని పలకగలుగుతారు, ఎందుకంటే తెలుగులో రాతకూ పలుకుకూ దూరం తక్కువ. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు. 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులను పలికించాలి. 'షిప్' అన్న మాటలో నాలుగు అక్షరాలున్నా ధ్వనులు మూడే. ఓ, యు, జి, హెచ్ అన్న నాలుగక్షరాల గుంపు 'దో', 'త్రూ', 'టఫ్', 'కాఫ్' అన్న మాటల్లో నాలుగు రకాలుగా పలుకుతుంది. అందువల్లనే అక్కడ మాటను మొత్తంగా బొమ్మలా గుర్తుపట్టించాలా, కథ సందర్భాన్ని బట్టి ఊహించనివ్వాలా, అక్షరాలను ధ్వనులుగా విడగొట్టి కలపడం నేర్పాలా అన్న వాదం దశాబ్దాలుగా తెగలేదు.

మూడో మార్గానికే సింథటిక్ ఫోనిక్స్ అని పేరు. ధ్వనులను ఒక నిర్ణీత క్రమంలో, ప్రతిరోజూ, నేరుగా బోధించి, వాటిని కలిపి మాటను పలికించడం దాని సారాంశం. స్కాట్లండులోని క్లాక్‌మనన్‌షైర్‌లో ఈ పద్ధతిలో మొదలుపెట్టిన పిల్లలను ఏడేళ్లపాటు గమనించిన పరిశోధన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. ప్రాథమిక విద్య పూర్తయ్యేసరికి ఆ పిల్లలు విడి మాటలను చదవడంలో తమ వయసుకు మించి మూడున్నర సంవత్సరాలు ముందున్నారు. చదివింది అర్థం చేసుకోవడంలో మాత్రం వారి ముందంజ మూడున్నర నెలలే. మొదటి అంకెను చూసిన పాలకులు పద్ధతిని తలకెత్తుకోగా, విమర్శకులు రెండో అంకెను చూపిస్తూ వచ్చారు. 2006లో జిమ్ రోజ్ ఇచ్చిన నివేదిక తర్వాత సింథటిక్ ఫోనిక్స్ ఇంగ్లండు అధికారిక మార్గమైంది.

2012 నుంచి దానికి ఒక పరీక్ష తోడైంది. ఐదారేళ్ల వయసున్న ఒకటో తరగతి పిల్లలు ఏటా జూన్‌లో తమకు తెలిసిన టీచరు పక్కన ఒంటరిగా కూర్చుని 40 మాటలు చదవాలి. వాటిలో 20 నిజమైన మాటలు, 20 అర్థం లేని కల్పిత మాటలు. కల్పిత మాట పక్కన వింత ప్రాణి బొమ్మ ఉంటుంది. కల్పిత మాటను జ్ఞాపకం నుంచి తీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు గనుక, బిడ్డకు అక్షరాలను ధ్వనులుగా మార్చడం వచ్చిందో లేదో దానితో తేలిపోతుందన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న తర్కం. ఇప్పటికే చక్కగా చదవగలిగిన పిల్లలు అర్థం కోసం వెతికి, కల్పిత మాటను దగ్గరి పోలిక ఉన్న నిజమైన మాటగా సరిదిద్ది చదివి, మార్కు పోగొట్టుకుంటారన్నది విమర్శకుల అభ్యంతరం. ఈ పరీక్షలో గట్టెక్కినవారు 2012లో 58 శాతం ఉండగా, 2019 నాటికి 82 శాతమయ్యారు. మహమ్మారి తర్వాత కొంత పడి, 2024లో 80 శాతంగా ఉన్నారు.

ఈ పెరుగుదలలో ఎంత భాగం చదువుది, ఎంత భాగం పరీక్షది అన్న అనుమానానికి పరీక్ష మార్కులే ఒక ఆధారం ఇచ్చాయి. మొదటి రెండేళ్లు గట్టెక్కే మార్కు 32 అని టీచర్లకు ముందే తెలుసు. ఆ రెండేళ్లలో 31 మార్కులు వచ్చినవారు చాలా తక్కువగాను, 32 వచ్చినవారు ఒక్కసారిగా పొడుచుకువచ్చినంత ఎక్కువగాను తేలారు. పిల్లల ప్రతిభలో అలాంటి గెంతు ఉండదు. సందిగ్ధంగా వినిపించిన ఒక ధ్వనిని బిడ్డకు అనుకూలంగా విన్న టీచర్లే దానికి కారణమన్నది సహజమైన వివరణ. 2014 నుంచి ఆ మార్కును ముందుగా ప్రకటించడం మానేశారు. పసిబిడ్డకు ఎక్కడ సాయం కావాలో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష, బడి తన సత్తా నిరూపించుకోవలసిన పరీక్షగా మారినప్పుడు నిజాయతీపరులైన ఉపాధ్యాయుల చెవి కూడా ఎటు ఒరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి నిదర్శనం అక్కరలేదు.

అంతర్జాతీయ పోలికల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. తొమ్మిది పదేళ్ల పిల్లల పఠనశక్తిని కొలిచే పిర్ల్స్ సర్వేలో ఇంగ్లండు 2021 విడతకు నాలుగో స్థానంలో నిలిచిందని ప్రభుత్వం సగర్వంగా ప్రకటించింది. ఆ దేశపు సగటు మార్కు 2016లో 559, 2021లో 558. అంటే మహమ్మారి కాలంలో చాలా దేశాలు జారిపోగా ఇంగ్లండు నిలదొక్కుకుంది. అది చిన్న విజయం కాదు. అయితే సింథటిక్ ఫోనిక్స్ అధికారిక మార్గం కాకముందు, 2001లోనూ ఆ మార్కు 553 ఉండేదన్నది మరువరాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డొమినిక్ వైస్, ఆలిస్ బ్రాడ్‌బరీ 2022లో ప్రచురించిన పరిశోధన పత్రం, ధ్వనుల బోధన అవసరమేననీ, దానిని కథల నుంచి, అర్థం నుంచి విడదీసి ముందుగా నడిపించడమే లోపమనీ వాదించింది. 2025లో నేషనల్ లిటరసీ ట్రస్ట్ జరిపిన సర్వేలో 8 నుంచి 18 ఏళ్ల లోపు వారిలో ఖాళీ సమయంలో చదవడం ఇష్టమన్నవారు మూడింట ఒక వంతే తేలారు. ఫోన్లు, తీరిక లేని ఇళ్లు, మూతపడుతున్న గ్రంథాలయాలు అన్నీ ఇందుకు కారణాలు కావచ్చు. ఏమైనా, చదవగలగడం ఒకటి, చదవాలనిపించడం మరొకటి అన్న సత్యాన్ని ఈ అంకె గుర్తుచేస్తోంది.

విజ్ఞానమా, నైపుణ్యమా

పెద్ద తరగతుల్లో ఇదే వాదం మరో రూపం దాలుస్తుంది. 2010 నుంచి 2014 వరకు విద్యామంత్రిగా ఉన్న మైకేల్ గోవ్, అదే కాలం నుంచి ఎక్కువ ఏళ్లు పాఠశాలల మంత్రిగా పనిచేసిన నిక్ గిబ్, అమెరికా విద్యావేత్త ఇ.డి.హెర్ష్ భావాలను ఇంగ్లండుకు తెచ్చారు. చదివింది అర్థం కావాలంటే విషయ పరిజ్ఞానం ముందుగా ఉండాలనీ, సంపన్నుల పిల్లలకు అది ఇంట్లోనే అబ్బుతుంది గనుక పేదపిల్లలకు బడే అందించాలనీ హెర్ష్ వాదన. మనిషి ఒక్కసారి మనసులో పెట్టుకోగల సమాచారం చాలా కొద్ది అనీ, జ్ఞాపకంలో నాటుకున్న విషయమే ఆ భారాన్ని తగ్గిస్తుందనీ చెప్పే మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు దీనికి బలమిచ్చాయి. 2014లో అమలుకు వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక ఈ దృక్పథం మీదనే నిలబడింది. 2014లో లండన్‌లోని వెంబ్లీలో కేథరిన్ బీర్బల్‌సింగ్ ప్రారంభించిన మికేలా పాఠశాల దానికి తిరుగులేని ప్రతీక అయింది. నడవాల్లో మాటలాడరాదన్న నియమం, వరుసల్లో కూర్చోబెట్టి నేరుగా పాఠం చెప్పడం, కఠినమైన క్రమశిక్షణ ఉన్న ఆ బడిలో సామాన్య కుటుంబాల పిల్లలు దేశంలోనే మేటి ఫలితాలు సాధిస్తున్నారు. ఆ క్రమశిక్షణలో పిల్లల స్వేచ్ఛ నలిగిపోతోందన్న విమర్శా అంతే గట్టిగా వినిపిస్తోంది.

స్కాట్లండు 2010లోనూ, వేల్స్ 2022లోనూ నైపుణ్యాలకూ, స్థానిక ఉపాధ్యాయుల స్వేచ్ఛకూ పెద్దపీట వేసే పాఠ్యప్రణాళికలను మొదలుపెట్టాయి. 15 ఏళ్ల విద్యార్థులకు పెట్టే అంతర్జాతీయ పీసా పరీక్షలో 2022లో గణితంలో ఇంగ్లండుకు 492, ఉత్తర ఐర్లండుకు 475, స్కాట్లండుకు 471, వేల్స్‌కు 466 మార్కులు వచ్చాయి. ఈ వరుసను విజ్ఞాన పక్షం తన గెలుపుగా చూపిస్తుంది. అయితే ఆ పరీక్ష రాసిన వేల్స్ విద్యార్థులు కొత్త పాఠ్యప్రణాళికలో చదివినవారు కారు. పైగా పఠనంలో ఇంగ్లండుకు 496, స్కాట్లండుకు 493 రావడం చూస్తే ఆ రెంటి మధ్య అంతరం నామమాత్రం. క్రమబద్ధమైన బోధనకు ఆధారం బలంగా ఉందనడం సమంజసం. ఒక్క పట్టికతో తగవు తీరిందనడం అతిశయోక్తి.

కొలిచే యంత్రాంగం

బడికి వచ్చే డబ్బునూ గౌరవాన్నీ పిల్లల మార్కులతో ముడిపెట్టడం ఇంగ్లండులో కొత్త ఆలోచన కాదు. 1862లో రాబర్ట్ లోవ్ తెచ్చిన 'ఫలితాన్ని బట్టి చెల్లింపు' నిబంధన ప్రకారం, తనిఖీ అధికారి ఎదుట చదవడం, రాయడం, లెక్కల్లో పిల్లలు తప్పిన ఒక్కో విషయానికి బడి గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోతపడేవి. స్వయంగా పాఠశాలల తనిఖీ అధికారి అయిన కవి మాథ్యూ ఆర్నల్డ్, దీనివల్ల బోధన యాంత్రికమైపోతోందని తన నివేదికల్లో హెచ్చరిస్తూ వచ్చాడు. ఆ పద్ధతి 1890ల్లో అంతరించినా, దాని వెనుక ఉన్న ఆలోచన అంతరించలేదు.

ఆఫ్‌స్టెడ్ చాలాకాలం పాటు బడి మొత్తాన్ని నాలుగు తీర్పుల్లో ఒకదానితో సరిపెట్టేది: అత్యుత్తమం, మంచిది, మెరుగుపడాలి, అసమర్థం. ఆ తీర్పు మీద ప్రధానోపాధ్యాయుల ఉద్యోగం, తల్లిదండ్రుల ఎంపిక, చుట్టుపక్కల ఇళ్ల ధరలు కూడా ఆధారపడేవి. 2023 జనవరిలో రెడింగ్ పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ప్రాణాలు తీసుకున్నారు. అందుకు తనిఖీ కూడా కారణమైందని అదే ఏడాది డిసెంబరులో విచారణాధికారి తేల్చడంతో దేశం కదిలిపోయింది. 2024 సెప్టెంబరులో ఏకపద తీర్పును ప్రభుత్వం రద్దు చేసింది. 2025 నవంబరు నుంచి బోధన, హాజరు, అందరినీ కలుపుకుపోవడం వంటి అంశాలకు విడివిడిగా ఐదు స్థాయుల్లో తీర్పునిచ్చే కొత్త నివేదికలు వచ్చాయి. తల్లిదండ్రులకు వివరం పెరిగిందని ప్రభుత్వం అంటుండగా, ఒక తీర్పు చోట అనేక తీర్పులు వచ్చి ఒత్తిడి పెరిగిందే తప్ప తగ్గలేదని ప్రధానోపాధ్యాయుల సంఘాలు అంటున్నాయి.

స్వేచ్ఛ ఇస్తూనే కొలతతో కట్టడి చేసే వైరుధ్యం పాలనా నిర్మాణంలోనూ ఉంది. స్థానిక సంస్థల అజమాయిషీ లేకుండా నేరుగా కేంద్రం నిధులతో ట్రస్టులు నడిపే బడులను అకాడమీలంటారు. 2002లో మొదలైన ఇవి ఇప్పుడు ఉన్నత పాఠశాలల్లో 80 శాతం దాటాయి. జాతీయ పాఠ్యప్రణాళిక నుంచి చట్టరీత్యా వాటికి మినహాయింపు ఉన్నా, పరీక్షలూ తనిఖీలూ అందరికీ ఒకటే గనుక ఆ స్వేచ్ఛ ఆచరణలో పరిమితమే. 2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు ఆ మినహాయింపును కూడా తొలగించాలని ప్రతిపాదించింది.

కొలతకు అందని పిల్లలు

తెలుగు రాష్ట్రాల పదో తరగతి పరీక్షలకు సాటివచ్చే జీసీఎస్ఈ పరీక్షలను ఇంగ్లండు విద్యార్థులు 16 ఏళ్ల వయసులో రాస్తారు. వారిలో సుమారు మూడో వంతు మంది ఇంగ్లీషు, గణితాల్లో ఒకదానిలో గాని, రెండింటిలో గాని కనీస ఉత్తీర్ణతగా భావించే నాలుగో గ్రేడును అందుకోలేకపోతున్నారు. అలాంటివారు 18 ఏళ్ల వరకు ఆ విషయాలను చదువుతూనే ఉండాలన్న నిబంధన దశాబ్దం కిందట వచ్చింది. మళ్లీ రాసినవారిలో గట్టెక్కుతున్నది ఐదుగురిలో సుమారు ఒక్కరే. పదకొండేళ్లు బడికి వెళ్లిన బిడ్డ చేతికి 'నీకు రాదు' అన్న ధ్రువపత్రాన్ని పదేపదే ఇచ్చే వ్యవస్థ తన కొలబద్దను తానే ప్రశ్నించుకోవాలి.

ప్రత్యేక విద్యావసరాలున్న పిల్లల పరిస్థితి ఇంకా సంక్లిష్టం. చట్టబద్ధమైన సహాయ ప్రణాళిక అవసరమైన విద్యార్థులు 2016లో 2.8 శాతం ఉండగా, 2025 నాటికి 5.3 శాతానికి పెరిగారు. స్థానిక సంస్థల ఖజానాలు ఆ భారాన్ని మోయలేకపోతున్నాయి. పది శాతం లేదా అంతకుమించి పనిదినాలు బడికి రాని పిల్లలు మహమ్మారికి ముందు పదిమందిలో ఒకరుండగా, తర్వాత ఐదుగురిలో ఒకరయ్యారు. ఈ రెండు మార్పులకూ బడి బయట కారణాలు అనేకం. బడి లోపల మాత్రం, మార్కులు తేలేని బిడ్డను భారంగా చూసే ప్రోత్సాహకాలు ఉన్నంతకాలం, ఆ బిడ్డకు చోటు ఇరుకుగానే ఉంటుంది.

ఫ్రాన్సిస్ సమీక్ష ఈ నేపథ్యంలో మధ్యేమార్గం పట్టింది. విజ్ఞానానికి ప్రాధాన్యమిచ్చే పాఠ్యప్రణాళికను అది నిలబెట్టింది. జీసీఎస్ఈ పరీక్షల సమయాన్ని సుమారు పది శాతం తగ్గించాలంది. ఇంగ్లీషు, గణితం, సైన్స్, ఒక భాష, చరిత్ర లేదా భూగోళం అన్న కూర్పుతో 2010 నుంచి బడులను తూచిన ఈబ్యాక్ కొలమానాన్ని తీసివేయాలంది. ఆ కొలమానం ఉన్న కాలంలో సంగీతం, నాటకం, డిజైన్ అండ్ టెక్నాలజీ వంటి విషయాలను ఎంచుకునేవారు బాగా తగ్గిపోయారు. ప్రభుత్వం ఈ సిఫార్సును అంగీకరించింది. అదే సమయంలో 12, 13 ఏళ్ల పిల్లలకు చదవడంలో కొత్త పరీక్ష పెట్టడానికీ సిద్ధమైంది. ఆ పరీక్ష పిల్లలకు సాయపడేదిగా నిలుస్తుందా, బడులకు మరో తీర్పుగా మారుతుందా అన్నదానిపై రాబోయే ఏళ్ల చర్చ ఆధారపడి ఉంది.

తెలుగు నేలకు అందే పాఠం

ఇది పరాయి దేశపు తగవు అని పక్కనపెట్టడానికి వీల్లేదు. ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ ఫోనిక్స్ బోధనతోనే చదువు మొదలుపెడుతున్నారు. ఇక ఇక్కడ, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఆంగ్ల మాధ్యమం వైపు ప్రయత్నాలు జరగగా, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి 1 నుంచి 8 తరగతులకు ఆ మాధ్యమం మొదలైంది. ఇంట్లో ఇంగ్లీషు వినని లక్షలాది పిల్లలు, ఇంగ్లండు పిల్లలకే కష్టమైన ఆ లిపితో కుస్తీ పడుతున్నారు. ధ్వనులను వరుసక్రమంలో, నేరుగా నేర్పడం వీరికి తప్పక మేలుచేస్తుంది. కాకపోతే క్లాక్‌మనన్‌షైర్‌లో మూడున్నర ఏళ్లకూ మూడున్నర నెలలకూ మధ్య కనబడిన దూరం, మాటల అర్థమే తెలియని చోట ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. అందువల్ల ధ్వనుల బోధనకు తోడుగా మాటలు, కథలు, సంభాషణ, అన్నిటికీ ఆధారంగా బిడ్డకు బాగా వచ్చిన తెలుగు ఉండి తీరాలి.

అంతకన్నా ముఖ్యమైన పాఠం కొలత గురించినది. ర్యాంకుల ప్రకటనలతో పాఠశాలలూ కళాశాలలూ పోటీపడే సమాజంలో, మూడో తరగతిలోపు చదవడం రావాలన్న మంచి లక్ష్యం కూడా మరో అంకెల పందెంగా మారడానికి ఎంతోకాలం పట్టదు. బిడ్డకు ఏం రాలేదో తెలుసుకునే పరీక్షా, బడికి గౌరవమో అవమానమో తెచ్చే పరీక్షా ఒకటి కాకూడదు. మొదటిదాని ఫలితం ఉపాధ్యాయుల చేతిలోనూ తల్లిదండ్రుల చేతిలోనూ ఉండి మర్నాటి పాఠాన్ని మార్చాలి. రెండోది అవసరమైతే కొద్దిమంది విద్యార్థులను నమూనాగా తీసుకుని, ఏ ఒక్క బడి మెడ మీదా కత్తి పెట్టకుండా, రాష్ట్రం మొత్తం పరిస్థితిని చెప్పాలి. పిర్ల్స్, పీసా సర్వేలు పనిచేసేది అలాగే. ఈ రెంటినీ కలిపేసినందుకు ఇంగ్లండు ఒకటిన్నర శతాబ్దంలో రెండుసార్లు మూల్యం చెల్లించింది. అదే పొరపాటును తెలుగు రాష్ట్రాలు తమ పిల్లల మీద ప్రయోగించి నేర్చుకోవలసిన పనిలేదు.